చిన్నమ్మమ్మ తలుపు మూసిన సినిమా

ఆ శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్నది అమ్మ, నాన్న, పక్క పొలం నార్మన్ పెద్దాయన, ఆయన వెంట వచ్చిన తడికుక్క, కిటికీ పక్క కుర్చీలో హెస్టర్ చిన్నమ్మమ్మ, నేను. చిన్నమ్మమ్మ మా అమ్మమ్మకు చెల్లెలు. సందుకు అవతల ఒక్కతే ఉంటుంది. ఆ రోజు ఆదివారం ప్రార్థనకు చాపెల్‌కు వేసుకునే నీలం గౌనులో వచ్చింది. బయట వాన. అమ్మ కర్టెన్లు లాగేసరికి గది నీళ్ళ అడుగున ఉన్నట్టయింది.

రెండేళ్ళ కిందట సినిమావాళ్ళు కొద్దిమంది వేసవంతా మా లోయలో ఉండి వెళ్ళారు. ఆ సినిమా పెద్ద ఊళ్ళ హాళ్ళకు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో మాకు తెలియదు. ఇప్పుడు వీడియో క్యాసెట్‌గా, మా ఊళ్ళో క్యాసెట్లు అద్దెకిచ్చే టాలెంటైర్ గారి కొట్టుకు వచ్చింది. మా ఊరి సినిమా కదా అని ఆవిడ మూడు తెప్పించారు.

కథ చిన్నదే. పెంచుకున్న తేనెటీగలు ఎగిరిపోతే ఒకతను ఇల్లిల్లూ తిరిగి వాటి కోసం అడుగుతాడు. అతను తట్టే తలుపుల్లో ఒకటి చిన్నమ్మమ్మది. సినిమాలో చెప్పడానికి ఆమెకు ఒక మాట ఇచ్చారు: "తేనెటీగలా? ఇక్కడ నేనూ నా కీళ్ళనొప్పులూ తప్ప ఎవరూ లేము, బాబూ." ఈ రెండేళ్ళలో ఆ మాట కొట్లో, బస్సులో, చాపెల్‌లో అందరూ టీ తాగే దగ్గర ఆమె నోట విననివాళ్ళు లేరు.

సినిమా మొదలైంది. తెర మీద మా ఊరే, కానీ నిండా ఎండ. మా సందు మలుపు తిరగ్గానే సముద్రం కనిపించింది.

"మన చాపెల్ వెనక సముద్రం ఎప్పుడొచ్చిందయ్యా?" అన్నాడు నార్మన్ పెద్దాయన. "నలభై మైళ్ళు పోవాలి."

"రానీ పెద్దాయనా, నీ గొర్రెలకు ఉప్పు కొనే పని తప్పుతుంది," అన్నాడు నాన్న.

"ఉష్! పిన్ని వస్తోంది," అంది అమ్మ.

తెర మీద తలుపు తెరుచుకుంది. చిన్నమ్మమ్మ అతన్ని చూసింది. గడ్డం కొంచెం ఎత్తి, అతని భుజం మీదుగా ఎక్కడికో దూరంగా చూసింది. నెమ్మదిగా తలుపు మూసేసింది.

ఆమె మాట సినిమాలో లేదు. గదిలో కుక్క ఒళ్ళు దులుపుకుంది.

"మళ్ళీ వస్తావేమోలే పిన్నీ," అంది అమ్మ. రాలేదు. పేర్లు పడేదాకా చూశాం. 'తలుపు దగ్గర ఆవిడ' అని ఉంది, ఎదురుగా హెస్టర్ పియర్ట్.

"పేరైతే వేశారు," అన్నాడు నాన్న.

చిన్నమ్మమ్మ కప్పు కింద పెట్టి కోటు తొడుక్కుంది. "నన్ను నోరు లేనిదాన్ని చేశారు. ఇక శనివారాలు నన్ను పిలవకండి," అని వానలోకి వెళ్ళిపోయింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ కుర్చీ శనివారం ఖాళీగా ఉన్నది లేదు.

టాలెంటైర్ గారి కొట్లో క్యాసెట్ల అర పక్కన ఒక నోటుపుస్తకం దారంతో కట్టి వేలాడుతుంటుంది. చూసిన సినిమా గురించి అందులో ఒక ముక్క రాస్తేనే ఇంకో క్యాసెట్ ఇస్తారు. మావాళ్ళు రాసేవి ఇలా ఉంటాయి: 'బాగుంది. వాన ఎక్కువ.' 'ఆ గేటు అటువైపు తెరుచుకోదు.' 'నవ్వొచ్చింది, ఎక్కడో గుర్తు లేదు.' మా ఇంటి తరఫున అమ్మే రాస్తుంది. నేను చదువుతాను కానీ ఎప్పుడూ రాయలేదు. నేను రాసేదంతా నా డైరీలోనే.

ఆ వారం పుస్తకంలో నార్మన్ పెద్దాయన 'చాపెల్ వెనక సముద్రం లేదు' అని రాశాడు. మిగతావాళ్ళంతా ఒకటే రాశారు. 'హెస్టర్ మాట తీసేశారు, పాపం.' 'పాపం హెస్టర్.' 'పాపం.' చిన్నమ్మమ్మ రోజూ ఆ పుస్తకం చదివే మనిషి. మంగళవారం చదివిందట. బుధవారం నుంచి కొట్టుకే రాలేదు.

రోజూ బడి నుంచి వచ్చాక కర్టెన్లు లాగి నేను ఆ చోటు మళ్ళీ మళ్ళీ చూశాను. తెరలో అతని వెనకగా మా ఇల్లు కనిపిస్తుంది, ఎండలో కిటికీ మెరుస్తూ. ఆ కిటికీలోంచి నేనే ఇటు చూస్తున్నానేమో అనిపించేది. తలుపు మూసుకున్నాక ఒక్క క్షణం ఎక్కడా చప్పుడుండదు. ఆ క్షణంలో ఏదో మబ్బు ఊరి మీదుగా పోయినట్టుంటుంది. ఒకరోజు లేచి చాపెల్ వెనక్కి వెళ్ళి చూశాను కూడా. పొగమంచే ఉంది, కానీ ఉప్పు వాసన వచ్చినట్టనిపించింది.

శుక్రవారం క్యాసెట్ తిరిగి ఇవ్వడానికి నేనే వెళ్ళాను. పెన్ను పట్టుకుంటే చెవులు వేడెక్కాయి. ఇలా రాశాను:

'అతను సినిమా అంతా అడుగుతూనే ఉంటాడు. అందరూ ఏదో ఒకటి చెప్పి పంపేస్తారు. చెప్పనిది ఆవిడ ఒక్కతే. ఆ తలుపు మూసుకున్నాకే తేనెటీగలు ఇక రావని నాకు తెలిసింది. ఆ చోటు పదకొండుసార్లు వెనక్కి తిప్పి చూశాను.' కింద నా పేరు పెట్టాను, బ్రయొనీ అని.

టాలెంటైర్ గారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. తర్వాత కత్తెర తీసి దారం తెంపారు. "తీసుకెళ్ళి చూపించు. చదివాక మళ్ళీ తెచ్చెయ్యి, ఊరంతా అడుగుతారు," అన్నారు.

చిన్నమ్మమ్మ తలుపు తట్టాను. తెరిచింది. పుస్తకం అందించాను. గుమ్మంలోనే నిలబడి చదివింది, రెండుసార్లు.

"పదకొండుసార్లా?"

"ఊఁ."

"టేపు అరిగిపోదుటే, పిచ్చి మొహమా!"

పుస్తకం నా చేతిలో పెట్టేసి జుట్టు సవరించుకుంది. "ఏదీ, అడుగు," అంది.

"ఏమని?"

"అతను అడిగిందే."

సందులో పొగమంచు కమ్ముతోంది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా తేనెటీగలు ఇటేమైనా వచ్చాయా అండీ?"

చిన్నమ్మమ్మ నన్ను చూసింది. గడ్డం కొంచెం ఎత్తింది. నా భుజం మీదుగా, సముద్రం ఉండాల్సిన వైపు చూసింది. ఆ తర్వాత నెమ్మదిగా, నా ముఖం మీదే తలుపు మూసేసింది.