గుడ్లవాడి కొడుకు బరువు

బాడీబిల్డింగ్ పోటీరోజు పొద్దున బొంబాయి పరేల్ హాల్లో ఎప్పుడూ ఉండే తంతే. తూకానికి ముందు కుర్రాళ్ళు నిన్నటి నుంచి నీళ్ళు ముట్టకుండా, దుప్పట్లు కప్పుకుని చెమట పట్టిస్తుంటారు. కొందరు డబ్బాల్లోకి ఉమ్ముతుంటారు. కొందరు మూలకెళ్ళి ఫోన్లలో ఎవరినో బతిమాలుతుంటారు. పోటీ నడిపే సంఘం వాళ్ళ పాత కాటా ఒంటి బరువుతో పాటు మనసులో పెట్టుకున్నదాన్ని కూడా తూస్తుంది మరి. కిందటేడు ఒకడు వదినకి క్షమాపణ చెప్పుకుని పావుకిలో తగ్గాడు. ఇక్కడ అది మామూలే.

హేమంత్ కాటా ఎక్కాడు. ముల్లు అరవై అయిదు దాటి, ఇంకో మూడొందల గ్రాముల దగ్గర ఆగింది.

"ఇది నీళ్ళ బరువు కాదు," అన్నాడు కాటా దగ్గర కూర్చున్న మోరే వస్తాదు. హేమంత్‌కి మొదట బస్కీలు నేర్పింది ఆయనే. "నీ ఒంట్లో పిండడానికి ఇంకేం మిగల్లేదురా. ఎవరి సంగతో చూసుకో. అరగంటలో తూకం మూసేస్తాను."

అరవై అయిదు కిలోల వాళ్ళలో ఇవాళ గెలిచినవాడికి డబ్బు పోటీల్లో దిగడానికి ప్రొఫెషనల్ కార్డు. పై తరగతిలోకి నెడితే ఎద్దుల్లాంటి వాళ్ళ పక్కన నిలబడి ఉత్త చేతులతో ఇంటికి పోవడమే.

ఎవరి సంగతో హేమంత్‌కి తెలుసు. తాముండే వరసగదుల చాల్ కింద వ్యాయామశాలలో తుప్పుపట్టిన ఇనుము ఎత్తిన నాటి నుంచి అతని ఒళ్ళంతా చిట్లిన గుడ్లతో పెరిగిందే. తండ్రి శాంతారామ్ సైకిలు మీద కొట్లకి గుడ్ల అట్టలు వేస్తాడు. దారిలో చిట్లినవి ఇంటికొస్తాయి.

నిరుడు హేమంత్ బాంద్రాలో డబ్బున్నవాళ్ళ అద్దాల జిమ్ములో చేరాడు. ఒకనాడు శాంతారామ్ ఉడికించిన గుడ్ల డబ్బా పట్టుకుని లోపలికే వచ్చేశాడు. చొక్కా నిండా సొన మరకలు.

"ఎవర్రా?" అన్నాడు పక్కన బరువులెత్తుతున్న రోహన్.

"మా గుడ్లవాడు."

అంతటితో ఊరుకున్నా బాగుండేది. హేమంత్ పది రూపాయల నోటు తీసి తండ్రి చేతిలో పెట్టాడు. శాంతారామ్ దాన్ని కళ్ళకద్దుకుని, "థాంక్యూ సాహెబ్," అని వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళాక ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని అన్నం తిన్నారు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు శాంతారామ్ గేటు బయట సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు నుంచి కొడుకున్న చోటికి పిలవందే రావడం మానేశాడు.

"నాన్నా, ఒకసారి లోపలికి రా."

"నేనెందుకురా హేమ్యా? చొక్కా బాగోలేదు."

ఆ మాటకి హేమంత్ తల వాలిపోయింది. తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మళ్ళీ కాటా ఎక్కాడు. జానెడు గుడ్డతో వందలమంది ముందు నిలబడడానికి ఏనాడూ సిగ్గుపడనివాడు, ఎవరైనా దుప్పటి ఇస్తే బాగుండుననుకున్నాడు. పోటీకొచ్చిన రోహన్ ఎదురుగానే ఉన్నాడు.

"రోహన్, ఆవేళ గుడ్లు తెచ్చింది మా నాన్న. గుడ్లవాడని చెప్పాను. చేతిలో డబ్బులు కూడా పెట్టాను." ఎండిన గొంతులోంచి మాట గీరుకుంటూ వచ్చింది.

ముల్లు దిగింది. ఇంకా వంద గ్రాములు ఎక్కువ ఉండగా ఆగిపోయింది.

వస్తాదు శాంతారామ్ వైపు తిరిగాడు. "మిగిలింది వీడిది కాదయ్యా. వీడి నెత్తిన నువ్వు పెట్టింది."

శాంతారామ్ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. "వాడు తొందరపడి అన్నాడు. నేను తెలిసే సాహెబ్ అన్నాను, వాడికి గుచ్చుకోవాలని." జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఆ పది రూపాయల నోటు తీశాడు. "వాడు పెద్దవాడైన రోజు నలుగురిలో ముఖాన కొడదామని దాచాను. కన్నవాడి మీద ఇంత కక్షేమిటని నాకే సిగ్గేసేది. అయినా పారెయ్యలేదు."

ముల్లు అరవై అయిదు మీద నిలబడింది.

"దిగు," అన్నాడు వస్తాదు.

సాయంత్రం కార్డు హేమంత్‌కే వచ్చింది. కండలు తేలి కనబడాలని తూకమయ్యాక కూడా నీళ్ళు ముట్టలేదు; స్టేజీ దిగేసరికి దాహంతో నాలుక అంగిటికి అతుక్కుపోయింది. శాంతారామ్ గేటు దగ్గర కొట్లో ఆ నోటిచ్చి చిన్న నీళ్ళ సీసా కొన్నాడు. మూత తీసి కొడుక్కిచ్చాడు. హేమంత్ సగం తాగి మిగతాది తండ్రి చేతిలో పెట్టాడు. సీసా ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ రోడ్డు మీద పోయే బస్సుల్నే చూస్తూ నిలబడ్డారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.