పాసంగం

సరస్ కందిపప్పును తక్కెడ తట్టలోకి వంచుతోంది. తలుపులోంచి వచ్చిన పొద్దుటి మంచు మసాలా ధూళితో కలిసి, కొట్టు నిండా పసుపు మేఘం తేలుతున్నట్టుంది. దక్షిణాఫ్రికాలోని ఆ రైస్‌థార్ప్ బజారు ఇంకా కళ్ళు నులుముకుంటోంది. రామసామి కొట్లో ఆ తక్కెడ సరస్ కొలువు కంటే పాతది. ఎడమ తట్ట తేలిక, అందుకని దాని గొలుసుకు చిన్న ఇనుప ముక్క పాసంగంగా కట్టారు. కొనేవాళ్ళకు అది కనిపిస్తూనే ఉంటుంది. అనుమానం ఉన్నవాడు విప్పి చూసుకోవచ్చు.

సరస్ ఒంటికీ ఒక పాసంగం ఉంది. రెండేళ్ళ క్రితం కాన్సర్ అని పెద్దాసుపత్రిలో కుడి రొమ్ము తీసేశారు. పాత చీరగుడ్డతో సంచి కుట్టి, ఆవాలు నింపి, ఆమె ఆ చోట రవికలో పెట్టుకుంటుంది. తూకం సరిగ్గా కుదిరింది. ఆ చేతులు తప్పు తూచవు. కాని ఎండాకాలం చెమటకు ఆవాలు జారి, మధ్యాహ్నానికల్లా రొమ్ము చంకలోకి చేరుతుంది.

అదైనా ఓర్చుకునేదే. ఆపరేషన్ అయిన నాటి నుంచి ఆమె గోడవైపు తిరిగి పడుకుంటోంది. భర్త కిష్టసామి ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెకు బరువు. ఇన్నేళ్ళ కాపురంలో అతని దగ్గర దాచిన సరుకు ఇదొక్కటే.

డర్బన్‌లో ఒక ప్రైవేటు డాక్టరు పొట్ట కొవ్వు తీసి రొమ్ము చోట నింపుతాడని కూతురు కామిషా ఫోన్లో చెప్పింది. ఆ రోజు నుంచి సరస్‌కు అదే కల. కలలో ఆమె ఒళ్ళు చెరకు తోటలా నిండుగా ఊగుతుంది. ఊగుతూ ఊగుతూ గోడ వదిలి ఇటు, అతనివైపు తిరుగుతుంది.

ఈ మధ్యాహ్నం ఆసుపత్రిలో అడిగి తేల్చుకోవాలి.

"నీ పొట్టలో ఏముంది, సరస్ అమ్మా? పిల్లికి కూడా చాలదు," అంది కొట్లో మూటలు సర్దే జులూ ఆవిడ మేవిస్. "నాది తీసుకో. రెండు చేసుకోవచ్చు. ఫ్రీ!"

"నీది పెడితే నాకి జులూలో కలలు వస్తాయి, పో!"

ఒకప్పుడు తెల్లవాళ్ళు మాత్రమే కూర్చున్న ఆసుపత్రి బెంచీల మీద ఇప్పుడు అందరూ కలిసి కునుకు తీస్తున్నారు. కిటికీ అవతల కొండలు మంచులో కరిగిపోతున్నాయి. డాక్టర్ గిరిధరరావు ఆంధ్రా నుంచి వచ్చి ఏడాది అయింది.

"డాక్టర్, నువ్వు ట్రూత్ చెప్పు," అంది సరస్. ఆమె తాతలు చెరకు తోటల కూలికి ఇక్కడ ఓడ దిగేటప్పటికే 'మీరు' సముద్రంలో జారిపోయినట్టుంది. డాక్టర్ నవ్వాడు. "పొట్ట ఫ్యాట్ తీసి ఇక్కడ పెట్టేది, సేఫా?"

"ఇప్పటికి మాకే తెలీదమ్మా. పెట్టిన కొవ్వు కొంత కరిగిపోతుంది, కొంత గట్టిపడి గడ్డ కడుతుంది. రేపు నా చేతికి గడ్డ తగిలితే అది కొవ్వో, రోగమే తిరిగొచ్చిందో చెప్పలేను. ఎక్స్‌రేలోనూ తెల్లచుక్కలు కనిపించి తికమక పెట్టొచ్చు. మళ్ళీ కోసి చూడాల్సి రావచ్చు."

"పండుకున్న రోగం లేపుతాదా?"

"లేపుతుందని రుజువు లేదు, లేపదనీ లేదు. ముందు ముందు మంచిదనే తేలుతుందేమో. వెళ్తానంటే మిమ్మల్ని ఆపను." అతను కుట్టు మీద వేళ్ళతో మెల్లగా తడిమాడు. "ఇప్పుడైతే అంతా చేతికి తెలుస్తోంది. శుభ్రంగా ఉంది."

తిరుగు షేర్ టాక్సీలో పక్కవాళ్ళ పాట చెవికి దూరంగా వినిపిస్తుంటే సరస్ బేరం తూచింది. ఒక తట్టలో కల. మరో తట్టలో, కందిపప్పులో కందిపప్పు రంగు రాళ్ళలా కొవ్వులో కలిసిపోయే గడ్డలు. గొలుసుకు కట్టిన పాసంగాన్ని విప్పి చూడొచ్చు. తట్టలోనే కలిసిపోయిన దాన్ని ఎవడు విప్పుతాడు? కల చాలా అందంగా ఉంది. కిటికీలోంచి చూస్తూ, దిగే చోటు వచ్చేదాకా దాన్ని ఒళ్ళోనే ఉంచుకుంది. ఆ తర్వాత వదిలేసింది.

సాయంత్రం పెరటి మెట్టు మీద కూర్చుని, రవికకు కుడివైపు కుట్లు విప్పుతోంది. చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కుట్టి కుట్టి రిటైరైన కిష్టసామి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏం సేస్తావు?"

"సదును సేస్తాను. ఇంక సంచీ వద్దు, డర్బన్ వద్దు." కత్తెర పక్కన పెట్టింది. "సూస్తావా?"

లోపలికి వెళ్ళారు. అతను కళ్ళద్దాలు పెట్టుకుని, సరుకు చెక్ చేసేవాడిలా వంగి చాలాసేపు చూశాడు. వేలితో గీత వెంబడే పోయాడు.

"నీటుగా కుట్టినాడే. మా ఫ్యాక్టరీలో అయితే ఫస్ట్ గ్రేడ్ పాస్."

సరస్‌కు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ఆ రాత్రి గోడ ఒంటరిగా మిగిలింది.

రోగం తిరిగి రాలేదు. ఏళ్ళు గడిచాక ఒక చలికాలం ఉదయం ఆమె బట్టలు ఆరేసి వచ్చి కుర్చీలో కూర్చుంది. గుండె ఆగింది. కిష్టసామి టీ తెచ్చి, కునుకు తీస్తోందనుకుని, కప్పు చల్లారేదాకా లేపలేదు. పెరట్లో తీగ మీద ఆమె రవిక ఆరుతోంది, ఎడమవైపు గాలి నిండి పొంగుతూ, కుడివైపు చదునుగా.