కళ్ళు తుడుచుకున్నందుకు

ఫెబాను ఎందుకు తీసేశారని మూడోసారి అడిగితే గానీ ప్రేమ్‌చంద్ లాప్‌టాప్ నావైపు తిప్పలేదు.

"మీరే చూడండి మేడం. నేను తీసెయ్యలేదు, సిస్టమ్ తీసేసింది."

మాది చిలకలూరిపేట రోడ్డులో మిరపకాయలు పరీక్షించే ల్యాబ్. ఎగుమతికి వెళ్ళే సరుకులో బూజు విషం ఉందో లేదో తేల్చేది నా విభాగమే. అందులో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. పర్చూరు పక్క పల్లె నుంచి వచ్చిన ఫెబా, ఎమ్మెస్సీ ప్రాజెక్టు నా దగ్గరే చేసింది. పని తెలిసిన పిల్ల. హెడ్డాఫీసు నుంచి మనుషుల్ని ఎంపిక చేయడానికి దిగిన ఈ ప్రేమ్‌చంద్ మాత్రం, అభ్యర్థులు ఫోన్ ముందు కూర్చుని మాట్లాడిన వీడియోలన్నీ ఒక ఏఐకి అప్పగించి చేతులు దులుపుకున్నాడు.

వీడియో చూశాను. ఫెబా ఇంటి అరుగు మీద కూర్చుంది. వెనక కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఆడవాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. గాలి ఇటు తిరిగింది. పిల్ల దగ్గింది, మొహం పక్కకు తిప్పి తుమ్మింది, కళ్ళు తుడుచుకుని "సారీ అండీ" అని మళ్ళీ జవాబు అందుకుంది. ఒక్క తప్పు లేదు. కింద ఏఐ తీర్పు: కళ్ళలోకి చూసి మాట్లాడదు, ఒత్తిడి వస్తే ఏడుస్తుంది, మానసిక స్థిరత్వం తక్కువ.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏడుపా? మిరప ఘాటయ్యా అది! కాయలు ఆరబోసే ఈ రోజుల్లో మా ఊళ్ళల్లో దగ్గని మనిషిని ఒక్కణ్ణి చూపించు!"

"కూల్ మేడం. మనుషులకైతే పక్షపాతం ఉంటుంది, ఏఐకి ఉండదు కదా."

"ఈ వీడియో నువ్వు చూశావా?"

"అన్నీ చూస్తూ కూర్చుంటే ఇక ఏఐ ఎందుకు మేడం?"

యంత్రాలంటే నాకు పడదనుకునేరు. నా బతుకంతా వాటి మధ్యే గడిచింది. రోజూ పొద్దున్నే, విషం లేదని ముందే తెలిసిన నమూనా ఒకటి పెట్టి, మిషన్ నిజం చెబుతోందో లేదో చూశాకే పని మొదలుపెడతాం. వీడు ఆ మాత్రం కూడా చూడలేదు. మా రిపోర్టు ఒకటి తీసి అతని ముందు విసిరాను.

"కింద ఏముంది? నా సంతకం. మిషన్ అంకె ఇస్తుంది, నేను ఒప్పుకుంటేనే అది గడప దాటుతుంది. మిరపకాయల బస్తా తిరగ్గొట్టాలంటే మనిషి సంతకం కావాలి, మనిషిని తిరగ్గొట్టడానికి అక్కర్లేదా? తీసేసిన ప్రతి పేరు పక్కనా సంతకం పెట్టు, నేనే చూసి తీసేశానని!"

పెన్ను ముట్టుకోలేదు. గతిలేక ఒక్కో వీడియో తెరిచాడు, నేను పక్కనే నిలబడ్డాను. ఏఐ తీసేసినవాళ్ళలో ఒకడి వెనక పత్తి జిన్నింగు మిల్లు హోరు, ఇంకో అమ్మాయి వెనక మళ్ళీ కల్లమే. నెగ్గినవాళ్ళ వెనక తెల్లటి గోడలు, ఏసీలు. మిరప రైతు సరుకును కాపాడే ల్యాబ్‌లోకి మిరప ఊళ్ళ పిల్లలు రాకుండా జల్లెడ పట్టాడు మహానుభావుడు!

"సరే మేడం, అందర్నీ నేనే మళ్ళీ పిలిచి మాట్లాడతా. ఫెబాకి మీరు చెప్పండి."

స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. సంతోషిస్తుందనుకున్నాను.

"అప్పుడే రానండి," అంది ఫెబా. "నాకు మనసు స్థిరంగా లేదని మెయిల్ పంపారు. అది మా అమ్మ నా ఫోన్ పట్టుకెళ్ళి పక్కింటోళ్ళ చేత చదివించుకుంది. అప్పట్నుంచీ నేను కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, ఇంట్లో అందరూ నా మొహం వంక అదోలా చూస్తున్నారు మేడం. ముందు ఆ మాట తప్పని రాసివ్వమనండి. అప్పుడొస్తాను ఇంటర్వ్యూకి."

ఆ పిల్ల కోపం ముందు నా కోపం ఏపాటిది! నాకు ఉద్యోగం గొడవే కనిపించింది, ఆమె ఇంట్లో ఏం జరుగుతోందో తట్టనేలేదు.

ప్రేమ్‌చంద్ తల దించుకుని లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. సిగ్గుపడ్డాడనే అనుకున్నాను.

"ఒక్క నిమిషం మేడం," అన్నాడు, "మంచి క్షమాపణ ఒకటి ఏఐ చేత రాయించేస్తా."

ఫెబా ఇంకా లైన్లోనే ఉంది. ఆ మాట వింది. నేను లాప్‌టాప్ మూత ఠప్పున మూసేశాను. వేళ్ళు నలిగి కెవ్వుమన్నాడు, నాకు జాలి కలగలేదు. తెల్లకాగితం ముందు పెట్టి, అతను పూర్తిగా రాసేదాకా అక్కడే నిలబడ్డాను.