పెద్దసారు బెంచీ

ఫిర్యాదులాఫీసు వరండాలో ఉన్న పొడుగు బెంచీకి వచ్చినంత పేరు ఆ ఆఫీసులో పనిచేసిన ఏ అధికారికీ రాలేదు. ఆ మాట ఇప్పటి అంబుడ్స్‌మన్ మేడమే నవ్వుతూ ఒప్పుకుంటుంది. అంబుడ్స్‌మన్ అంటే, ప్రభుత్వం మీద జనం చెప్పుకునే మొర వినడానికి ప్రభుత్వమే జీతమిచ్చి కూర్చోబెట్టిన పెద్దమనిషి. ఆ మాట ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు. తిరగనిదాంతో కుస్తీ ఎందుకని జనం దాన్ని ఫిర్యాదులాఫీసు అన్నారు, అందులో మొట్టమొదట కూర్చున్నాయనను పెద్దసారు అన్నారు. అక్కడితో గొడవ వదిలింది.

బెంచీ పెద్దసారు పెట్టిన పద్ధతి. అంతకుముందు ఏ ఆఫీసులో చూసినా ఒకటే తంతు. ఫిర్యాదు చేసినవాడు గుమ్మం బయట కాళ్ళు లాగేలా నిలబడాలి. ఎవరి మీద చేశాడో ఆ అధికారి మాత్రం దర్జాగా లోపలికెళ్ళి టీ తాగుతూ తన కథ ముందే చెప్పేసుకుంటాడు. పెద్దసారు వచ్చిన మొదటివారమే దానికి మంగళం పాడారు. "ఇద్దరూ నేను పిలిచేదాకా ఒకే బెంచీ మీద కూర్చోవాలి. టీ వస్తే ఇద్దరికీ వస్తుంది, లేకపోతే ఇద్దరికీ లేదు" అన్నారు. తన గది తలుపు బార్లా తెరిపించి పెట్టారు. తీర్పు కూడా అదే రోజు, ఇద్దరి ముందూ, నోటితోనే చెప్పేసేవారు. కాగితం తరవాత.

అప్పట్లో మేడమ్ మేడమ్ కాదు. డిక్టేషన్ రాసుకునే కొత్త స్టెనో, పెద్దసారు నోట "అమ్మాయ్". తలుపు పక్కనే ఆమె టేబులు కాబట్టి బెంచీ మీద జరిగే భాగోతమంతా ఆమె చెవిన పడుతుండేది. భర్త పింఛను కోసం తిరిగి తిరిగి చెప్పులరిగిన ఒక పెద్దావిడ పక్కన పింఛనాఫీసరు కూర్చున్నాడు ఒకసారి. మొదట వాచీ చూసుకున్నాడు. తరవాత పైకప్పు చూశాడు. చూడ్డానికి ఇంకేమీ మిగలక చివరికి ఆవిడను చూశాడు. "ఇంతకీ మీకు కావలసిందేమిటండీ?" అని అడిగాడు. లోపలి నుంచి పిలుపు వచ్చేసరికి ఆయన కలం తీసి సంతకం పెట్టేస్తున్నాడు. పెద్దసారు స్టెనో వైపు చూసి కన్నుగీటి, "రాసుకో అమ్మాయ్, బెంచీ తీర్పు చెప్పేసింది" అన్నారు.

ఆ రోజులు తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. కొత్త టైపు రిబ్బను వాసన, కార్బను అంటి నల్లబడ్డ వేళ్ళు, మధ్యాహ్నం పెద్దసారు భార్య పంపే క్యారియరు. ఆవిడను అందరూ అమ్మగారు అనేవారు. ఆ క్యారియరులో అడుగు గిన్నె ఎప్పుడూ అమ్మాయిదే. ఒకరోజు పెద్దసారు లావుపాటి న్యాయశాస్త్రం పుస్తకాలు తెచ్చి ఆమె టేబులు మీద దభీమని పడేశారు. "షార్ట్‌హ్యాండు గీతలు గీస్తూ ఇక్కడే ముసలిదానివైపోదామనా? చదువు!" అని కసిరారు. అది కోపమో ప్రేమో తేల్చుకోవడానికి ఆమెకు కొంత కాలం పట్టింది. చదివింది. ఆమె పరీక్ష గట్టెక్కిన రోజు ఆఫీసంతటికీ టీ తెప్పించిన మనిషి, మీ అమ్మాయేనా అని ఎవరో అడిగితే కాదనలేదు.

ఇంత పనిచేసే మనిషిని ఊరుకోనిస్తారా? ఒక మంత్రిగారిని తీసుకొచ్చి, ఇల్లు కూలగొట్టించుకున్న కుట్టుపనివాడి పక్కన కూర్చోబెట్టినప్పుడు రాజధానిలో గోలగోల అయింది. అధికారుల సంఘం కారాలు మిరియాలు నూరింది. "ఈయన తీర్పులు చెప్పడం లేదు, పరువులు తీస్తున్నాడు" అని శాసనసభలో బల్లలు గుద్దారు. ఆఫీసునే ఎత్తేయాలన్నారు. పత్రికల్లో బెంచీని శూలంలా గీసి, దాని మీద అధికారులను వరసగా గుచ్చారు. పెద్దసారు ఆ బొమ్మ కత్తిరించి పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవారు. ముక్కు మీద కోపమే కానీ, తన మీద జోకు ఎవరు వేసినా తనే ముందు నవ్వే మనిషి.

ఆఫీసును కాపాడింది వాల్వాయన కేసు. ఆ మాట అందరూ అనేవారు.

అది ఒక ఎండాకాలం. ఒక వీధికి కుళాయిలు బందయ్యాయి. ఆ వీధికి నీళ్ళ వాల్వు తిప్పే ఉద్యోగి లంచం కోసమే దాన్ని మూసేశాడని వీధి వీధంతా ఖాళీ బిందెలతో ఊరేగింపుగా వచ్చింది. ఆ ఉద్యోగినే వీధిలో వాల్వాయన అనేవారు. బెంచీ మీద ఆడవాళ్ళు ఇరుక్కుని కూర్చుంటే అతడికి చివర జానెడు చోటు దక్కింది. వాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టారు. అసలే నత్తి మనిషి. నోరు తెరుస్తాడు, పెదాలు ఆడతాయి, మాట రాదు. ఈలోపు ఇంకో తిట్టు వచ్చి పడుతుంది.

లోపల పెద్దసారు అడిగారు. "వాల్వు మూసింది నువ్వేనా?"

అతడు తల ఊపాడు.

"ఎందుకు మూశావు?"

అతడు గుటకలు మింగాడు. మెడ నరాలు బిగిశాయి. బయట జనం గోల పెడుతున్నారు. పెద్దసారు కాసేపు చూసి, విసుగ్గా కుర్చీలో వెనక్కి వాలారు. "నిజం ఉన్నవాడు తడుముకోడయ్యా. బెంచీ దగ్గర అబద్ధాలకు నోరు పెగలదు" అని తీర్పు చెప్పేశారు. అతడి ఉద్యోగం ఊడింది. సాయంత్రానికల్లా కుళాయిల్లో నీళ్ళు వచ్చాయి. వీధి ఆడవాళ్ళు పెద్దసారుకు హారతి పట్టినంత పని చేశారు. మర్నాడు పత్రికలన్నీ ఆయన్ను ఆకాశానికెత్తాయి. ఆఫీసు ఎత్తేస్తామన్న నాయకులు గప్‌చుప్‌గా సర్దుకున్నారు. ఆ తీర్పు టైపు చేసిన రోజు అమ్మాయి చేతులు ఎంత హుషారుగా ఆడాయో ఆమెకు బాగా గుర్తు. ఆ ఉద్యోగంలో తనకు అంత సంతోషం కలిగిన రోజు మరొకటి లేదని ఆమె చాలామందితో చెప్పుకుంది కూడా.

ఇప్పుడు ఆమె అదే గదిలో, అదే కుర్చీలో అంబుడ్స్‌మన్. పెద్దసారు రిటైరై ఇంటి పట్టునే ఉంటున్నారు.

మొన్నామధ్య నీళ్ళ శాఖలో ఒక పెద్ద ఇంజనీరుకు వీడ్కోలు సభ జరిగింది. దండలు పడేసరికి ఆయన ఒళ్ళు తెలియని ఉత్సాహంతో మైకు పట్టుకున్నాడు. శాఖ పరువు తను ఎన్నిసార్లు కాపాడాడో ఏకరువు పెడుతూ, ఆ ఎండాకాలం కథ కూడా చెప్పేశాడు. ఆ వీధిలో మురుగు గొట్టం పగిలి మంచినీళ్ళలో కలిసిందట. అది బయటికి పొక్కితే శాఖకు అప్రతిష్ఠ అని, సాయంత్రంలోగా గుట్టుగా గొట్టం బాగుచేయించి, నోరు మెదపవద్దని అందరికీ చెప్పాడట. "అదృష్టం కొద్దీ వాల్వు మూసినవాడు నోట్లో మాట లేనివాడు!" అని నవ్వాడట. సభలో కొందరు నవ్వారు. ఒకరు మాత్రం నవ్వకుండా లేచి, నేరుగా వాల్వాయన ఇంటికి వెళ్ళి చెప్పారు.

అలా వచ్చింది ఫిర్యాదు. ఇంజనీరు మీద కాదు, ఫిర్యాదులాఫీసు మీదే.

వాల్వాయన కూతురితో వచ్చాడు. జుట్టు ముగ్గుబుట్ట అయింది. మేడమ్ ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, ఏం కావాలని అడిగింది. ఆయన మొదలుపెట్టాడు. మాట ఇరుక్కుంది. కూతురు పక్కనే ఉన్నా అందించలేదు. తండ్రి మాట తండ్రే పూర్తి చెయ్యాలని ఆ పిల్లకు చిన్నప్పుడే తెలిసినట్టుంది.

"ఆ... ఆయన... మళ్ళీ అడగాలి. నే... నేను చె... చెప్పాలి."

"ఉద్యోగం, పింఛను..."

ఆయన అడ్డంగా తల ఊపాడు. అవి తరవాత అన్నట్టు చెయ్యి ఆడించాడు.

వాళ్ళు వెళ్ళాక డిప్యూటీ తలుపు దగ్గరకు వేశాడు. "మేడమ్, ఇంజనీరు మైకులో ఒప్పుకున్నాడు. తప్పంతా ఆయన నెత్తిన పెట్టేస్తే సరిపోతుంది. పెద్దసారును ఇందులోకి లాగడం ఎందుకు? అసలే మనమెప్పుడు దొరుకుతామా అని చూస్తున్నారు."

"ఇంజనీరు అబద్ధమాడాడు, నిజమే. కానీ వినాల్సిన పని ఎవరిది?" అంది ఆమె.

ఆ సాయంత్రమే పెద్దసారు ఇంటికి వెళ్ళింది. ఆమెను చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. మంత్రిగారి సంగతి, పింఛనాఫీసరు పైకప్పు చూసిన సంగతి మళ్ళీ మొదటి నుంచీ చెప్పారు. ఆమె మళ్ళీ మొదటి నుంచీ నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఆపి అసలు విషయం చెప్పడం కన్నా ఉద్యోగం మానేయడం తేలిక అనిపించింది. అయినా చెప్పింది.

ఆయన చేతికర్ర నేలకేసి కొట్టారు.

"నన్ను బెంచీ ఎక్కిస్తావా? నన్ను!"

"ఆయన అడిగింది అదొక్కటే సార్."

"ఆరోజు నోరు విప్పమను! ఎవరు వద్దన్నారు? చెవులు రిక్కించుకుని కూర్చున్నానుగా!"

"కూర్చున్నారు సార్. కాసేపే."

"వెళ్ళు. ఇంక నాకు మొహం చూపించకు" అన్నారు. ఆమె లేచింది. గేటు దాకా వచ్చిన అమ్మగారు ఆమె చెయ్యి పట్టుకుని, "ఈ వయసులో ఆయనకు మిగిలింది నలుగురిలో ఆ మర్యాదేనమ్మా. నువ్వు మా బిడ్డవి. చూసి చెయ్యి" అంది. ఆమె అమ్మగారి చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలేసింది. దారి పొడుగునా ఏడుస్తూనే నడిచింది. ఎవరైనా చూస్తారేమోనన్న ధ్యాస కూడా లేకపోయింది.

విచారణ రోజు వాల్వాయన పెందలాడే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు, అలవాటు కొద్దీ ఆ చివరనే. కూతురు గోడకానుకుని నిలబడింది. డిప్యూటీ రెండుసార్లు లోపలికి తొంగిచూసి, "ఆయన రారు మేడమ్, మొదలుపెట్టేద్దామా?" అన్నాడు. "ఉండండి" అంది ఆమె. రప్పించే అధికారం ఆమెకు ఉంది. దాన్ని వాడలేదు, విచారణ ఎప్పుడో కబురు మాత్రం పెట్టింది. ఆయన తనంతట తను రాకపోతే ఆ మనిషి దగ్గర తను నేర్చుకున్నదంతా వట్టిదైపోతుందని భయపడుతూ కూర్చుంది.

చేతికర్ర చప్పుడు మెట్ల దగ్గర వినిపించింది. పక్కన అమ్మగారు. బంట్రోతు పరుగెత్తి, "రండి సార్, లోపల కుర్చీ వేయించాను" అన్నాడు.

"బెంచీ కనపడటం లేదటయ్యా నీకు?" అని పెద్దసారు కసిరారు. వెళ్ళి వాల్వాయన పక్కన కూర్చున్నారు. మోకాళ్ళు నొప్పెట్టాయి కాబోలు, కూర్చోవడానికి అవస్థ పడ్డారు. వాల్వాయన జరిగి చోటిచ్చాడు.

తలుపు తెరిచే ఉంది. మేడమ్ లోపల తల వంచుకుని వింటోంది.

"వాల్వు ఎందుకు మూశారండీ?" అని అడిగారు పెద్దసారు. ఆనాటి నువ్వు ఈనాడు మీరు అయింది.

వాల్వాయన మొదలుపెట్టాడు. ము అన్న అక్షరం దగ్గరే ఆగిపోయాడు. పెద్దసారు పెదవులు కదిలాయి. మాట అందించబోయి, పళ్ళతో పెదవి నొక్కుకున్నారు. జీవితమంతా మాటల మీద బతికిన మనిషికి ఊరుకోవడం అంత తేలిక కాదు. బంట్రోతు ఇద్దరికీ టీ పెట్టి వెళ్ళాడు. ఇద్దరూ ముట్టుకోలేదు. మురుగు గొట్టం పగిలిందనీ, కుళాయి తిప్పితే కంపు కొట్టిందనీ, పిల్లలు తాగేస్తారని భయమేసి పరుగున పోయి వాల్వు మూసేశాననీ వాల్వాయన చెప్పాడు. ఒక్కో మాటా పెకలించుకుంటూ చెప్పాడు. ఇంటింటికీ వెళ్ళి చెబుదామనుకుంటే, ఆ సంగతి ఎవరికి చెప్పినా ఊరుకోనని ఇంజనీరు బెదిరించాడట. చెప్పడం అయ్యేసరికి ఆయన చొక్కా చెమటకు తడిసిపోయింది.

"ఆరోజు నాతో ఇదే చెప్పబోయారా?"

వాల్వాయన తల ఊపాడు. "మీ... మీరు ఆ... ఆగలేదు."

పెద్దసారు లేచి, వాల్వాయన భుజం ఆసరాగా పట్టుకుని లోపలికి వచ్చారు. కూర్చోమంటే ఇద్దరూ కూర్చోలేదు. ఆఫీసు వాళ్ళంతా గుమ్మం దగ్గర గుమిగూడారు.

ఆమె లేచి నిలబడి తీర్పు చెప్పడం మొదలుపెట్టింది. వాల్వు మూసిన మనిషి ఆ వీధి పిల్లల్ని కాపాడాడని చెప్పింది. ఆయన మీద పడ్డ నింద ఈ రోజుతో చెరిగిపోయిందని, ఉద్యోగానికి రావలసినవన్నీ ఇవ్వాలని చెప్పింది. "ఆయన మాట పూర్తిగా వినకుండా తీర్పు చెప్పడం ఈ ఆఫీసు చేసిన తప్పు. అప్పటి అంబుడ్స్‌మన్..."

"ఆగమ్మాయ్."

ఆమె ఆగింది.

"అప్పటి అంబుడ్స్‌మన్ ఏమిటి? నాకు పేరు లేదా?" అన్నారు పెద్దసారు. గొంతులో కోపం లేదు. "ఆ రోజు ఈయన్ని తండ్రి పేరుతో సహా చదివి తప్పు చేశాడన్నాం. వీధంతా విన్నది. నా పేరూ అలాగే చదువు."

ఆమె ఆయన వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఆ పేరు ఆమె వెయ్యిసార్లు టైపు చేసింది, ఒక్కసారీ నోటితో అనలేదు. తండ్రిని పేరు పెట్టి పిలవడానికి ఎవరికి నోరొస్తుంది? గుమ్మంలో అమ్మగారు కళ్ళొత్తుకుంటూ, కానీ అన్నట్టు తల ఆడించింది.

ఆమె ఆయన ఇంటిపేరు చదివింది. ఆయన తండ్రి పేరు చదివింది. ఆయన పేరు దగ్గరికి వచ్చి మొదటి అక్షరం పలికింది. ఆ పైన మాట రాలేదు. గుమ్మం దగ్గర ఎవరో అందించబోయారు. పెద్దసారు చెయ్యెత్తి వద్దన్నారు. ఆయనా వాల్వాయనా పక్కపక్కనే నిలబడి, ఆమె పూర్తి చేసేదాకా ఆగారు.