ఒండ్రు మేటకు వారసులు

ఆ ఏడు ఉకయాలి నది మా తెయొలిందా అత్త వరిచేను మొత్తాన్ని పదకొండు రోజుల్లో మింగేసింది. రోజూ సాయంత్రం గట్టున కూర్చుని, వేయించిన అరటికాయ ముక్కలు తింటూ, చేను పెళ్ళలు పెళ్ళలుగా నీళ్ళలో పడటం చూసేవాళ్ళం. చివరి రోజు మరుగుదొడ్డి కూడా పోయింది.

"దాన్నీ వదల్లేదు. ఏం ఆకలో దీనికి," అంది అత్త.

ఏడవలేదు. కానీ ఆమె తిండికి ఆధారం ఆ చేను ఒక్కటే. ఇంట్లో విత్తనం ఉంది, చల్లడానికి నేల లేదు.

జూన్‌లో నీళ్ళు తగ్గేసరికి అవతలి ఒడ్డున, అబ్దియాస్ ఇంటి ముందు, నల్లటి ఒండ్రు మేట తేలింది. మా నది మీద ఎవరింటి ముందు మేట వేస్తే వాళ్ళే అందులో వరి చల్లుకుంటారు. మళ్ళీ వరద వచ్చేదాకా అది వాళ్ళది. అబ్దియాస్ అత్తకు మరిది వరస. నది తన మంచితనం చూసే మేట వేసిందని నమ్మే మనిషి.

అత్త విత్తనాల సంచినీ నన్నూ దోనెలో వేసుకుని అవతలికి వెళ్ళింది. మోకాలి లోతు బురదలో దిగి, గుప్పెడు మట్టి తీసి వాసన చూసింది. కాస్త నాలుక మీద కూడా వేసుకుంది.

"ఇది నాదే," అంది.

అబ్దియాస్ ఇంటి మెట్ల మీద కూర్చునే నవ్వాడు. "పేరు రాసుందా వదినా?"

"పన్నెండేళ్ళు నా బాతులు రెట్టలేసిన మట్టి. నాకు తెలీదా?"

"బాతులు నాకూ ఉన్నాయి. వాటి రెట్ట కూడా రుచి చూసి చెప్పు."

తగువంటే మాకు పండగే. ఊరి పెద్ద హెర్మోహెనెస్ వచ్చేసరికి ఆయన వెనక ఏడు దోనెలు వచ్చాయి. ఒకదాంట్లో కర్రపెండలం కల్లు కుండ కూడా ఉంది.

హెర్మోహెనెస్ ఇద్దరి మాటా విని, నది పైవైపు చూశాడు.

"నీ మట్టి ఇక్కడెందుకుంటుంది తెయొలిందా? నది దాన్ని కింది మలుపుకి మోసుకుపోయుంటుంది. ఇక్కడ పడింది పై మలుపు మట్టి. పై మలుపులో పోయింది మా నాన్న సమాధి." ఆయన టోపీ తీశాడు. "ఆ లెక్కన ఇది మా నాన్న."

అబ్దియాస్ అప్పుడే మేట మీద పెట్టిన కాలు మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు.

"మా అరటితోటా అక్కడే పోయింది," అంది కల్లు పోస్తున్న లెయొనీలా. "నలభై చెట్లు."

"మా పందుల దొడ్డి," అన్నారు ఇంకెవరో.

కల్లు తిరిగిన కొద్దీ పోయిన ఆస్తులు పెరిగాయి. పుట్టినప్పటినుంచీ దోనెలోనే బతికిన మనిషి ఒకడు తన కొబ్బరితోట పోయిందన్నాడు. ఇద్దరు అప్పుడే హద్దు పుల్లలు పాతుతున్నారు.

అత్త విత్తనాల సంచి వైపు చూసింది. తర్వాత అబ్దియాస్ వైపు చూసింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు అంతసేపు చూసుకోవడం నేనెప్పుడూ ఎరగను.

"మట్టికి చుట్టరికాలేంటి," అంది గట్టిగా. "ఎవరింటి ముందు పడితే వాళ్ళది. తాతల నాటి పద్ధతి."

"ఇందాక నాలిక మీద వేసుకుంది నువ్వేగా?" అంది లెయొనీలా.

"వేసుకున్నా. నాది కాదు. చప్పగా ఉంది."

"వదిన న్యాయం చెప్పింది," అన్నాడు అబ్దియాస్. "మేట నాది."

"ఇంకో గుప్పెడు రుచి చూడమంటావా మరిదీ?"

అబ్దియాస్ పుల్లలు పాతుతున్నవాళ్ళ వైపు ఒకసారి చూశాడు. "నాది కాబట్టే, సగం వదినకిస్తున్నా."

హెర్మోహెనెస్ ఆలోచించాడు. నేల దున్నరు కదా, పైన చల్లడమే కదా అని రెండుసార్లు అడిగాడు. తండ్రికి నొప్పి ఉండదని తేలాక టోపీ పెట్టుకుని సరేనన్నాడు. పుల్లలు పీకించాడు.

జనం కుండ ఖాళీ అయ్యేదాకా కదిలేలా లేరు. అత్త ఆగలేదు. లంగా నడుములో దోపి, సంచి చంకనేసుకుంది.

"చల్లు పిల్లా. వీళ్ళకి ఇంకో తాత గుర్తొచ్చేలోపు అయిపోవాలి."

సగం ఎక్కడిదాకానో ఎవరూ గీత గీయలేదు. అబ్దియాస్ ఆ కొసనుంచీ, మేము ఈ కొసనుంచీ, ఎదురెదురుగా చల్లుకుంటూ వచ్చాం. అత్త చెయ్యి కాస్త వేగంగా ఆడింది.