ఆడగొంతు

ఉదయం ఏడున్నరకు మా ప్రచారం ఆటో వీధిలోంచి వెళ్లింది. హైమావతి టీచర్ చనిపోయిన సంగతి అందులోంచి నా గొంతే నాకు చెప్పింది. ఆ మాటలు నేను చదవలేదు.

అప్పుడు నేను మామగారికి దోసె వేస్తున్నాను. "విచారకరమైన వార్త" అని మొదలైంది. కీర్తిశేషులు అనాల్సిన చోట కీ అంది, ఆగింది, శే అంది, మళ్లీ ఆగి టీచర్ పేరు చెప్పింది. దోసె మాడింది. "ఏమే, వాసనొస్తంది" అని అత్తగారు హాల్లోంచి కేకేశారు.

నరసరావుపేటలో మాది మైకుసెట్ల షాపు. నా భర్త రాఘవ దాన్ని ప్రచారాల షాపుగా మార్చాడు. చీరల దుకాణం ప్రారంభం, మిరప విత్తనాలు, స్కూలు అడ్మిషన్లు, ఏదైనా రికార్డు చేసి ఆటోకి కట్టి తిప్పుతారు. ఒకసారి చదివే మనిషి రాకపోతే నన్ను చదవమన్నాడు. ఆ రోజు నుంచి నేనే. బీకాం చదివాను, బ్యాంకు పరీక్షలు రాశాను, పెళ్లికి ముందు ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పాను. గడియారం చూడకుండా ఏ పనిలోనూ కూర్చోలేదు. ఇక్కడ మాత్రం స్టోర్ రూము గోడలకు పాత బొంతలు కట్టి, చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపి, కుక్కర్ కూతలన్నీ అయ్యాక తలుపేసుకునేదాన్ని. చెమటలు కారేవి. బయటికి రావాలనిపించేది కాదు. తిరునాళ్లలో పిల్ల తప్పిపోతే మిగతావాళ్లు ముందు పేరు చదివేవాళ్లు. నేను ముందు గౌను రంగు చెప్పేదాన్ని. రంగు వింటే జనం చుట్టూ చూస్తారు.

ఇంట్లో దీన్ని పని అనలేదు. "మా కోడలికి మైకంటే సరదా" అని అత్తగారు చుట్టాలకు చెప్పేవారు. "ఊరంతా లేచే గొంతు, ఇంట్లో మటుకు లేవకూడదు" అని మామగారు నవ్వేవారు. "మన షాపులో నీకు జీతమేంది?" అని రాఘవ ఒకసారే అన్నాడు. నేనూ ఒకసారే అడిగాను.

చావు కబుర్లు నాకిచ్చేవారు కాదు. ఆడగొంతుతో చావు కబురు చెప్పిస్తే ఇంటికి అరిష్టమని అత్తగారి పట్టు. వాటికి మరియదాసు అనే అతను వచ్చేవాడు. చీరల అమ్మకం ఎట్లా చెప్పేవాడో చావూ అట్లాగే చెప్పేవాడు. టీచర్‌ని ఆసుపత్రిలో చూసొచ్చిన రోజు, ఆమెకేమన్నా అయితే ఆ ఒక్క కబురు నేను చెప్తానని రాఘవతో అన్నాను. నాకు చదవడం నేర్పింది ఆమె. ఏడో తరగతిలో నన్ను నిలబెట్టి పాఠం చదివిస్తూ, "పుస్తకానికి కాదే, వినేవాళ్లకి చదువు" అనేది. "చూద్దాంలే" అన్నాడు రాఘవ.

ఆ ఉదయం రాఘవ టిఫినుకు వచ్చినప్పుడు అడిగాను.

"అది నా గొంతేగా?"

"నీదే. బాగొచ్చిందిగా? పోయిన నెల నీతో పేజీలు పేజీలు చదివించింది అందుకే."

"జలుబు చేసినప్పుడు పనికొస్తుందన్నారు. నాకు జలుబు చెయ్యలేదు."

"ఇంక ఫ్యాను ఆపుకుని చెమటలు కక్కే పన్లేదు. టైపు కొడితే కంప్యూటరే నీ గొంతుతో చదివిద్ది. పెళ్లాం కష్టం చూడలేక చేస్తే ఆ మొహమేంది?"

"కీ.శే. అని కొడితే కీశే అందండీ."

"అంత పట్టిపట్టి ఎవరింటారే?"

అత్తగారి వైపు తిరిగాను. "ఆడగొంతు కూడదన్నారు కదత్తయ్యా?"

"అది కంప్యూటరే. ఆడదెట్లా అయిద్ది? వాడికి చట్నీ వెయ్యి."

టీచర్ ఇంటికి వెళ్లాను. కూతురు భవిత గేటు దగ్గరే ఆపింది.

"కీశే ఏందక్కా? వీధిలో పిల్లకాయలు మా అమ్మని కీశే టీచర్ అంటున్నారు."

"నేను చదవలేదు భవితా."

"నీ గొంతు నాకు తెలవదా? నీ ఆటో వస్తే అమ్మ టీవీ కట్టేయించేది. ఆమెకోసం ఒక్క మాట సరిగ్గా పలకలేకపోయావు."

"అది కంప్యూటర్ చదివింది."

"ఇంకా నయం, ఆటో చదివింది అనలేదు."

దండ అరుగు మీద పెట్టి వచ్చేశాను.

ఆ వారమే బొంతలు విప్పి స్టోర్ రూములో పాత బాక్సులు సర్దారు. "నీకిప్పుడు ఖాళీయేగా, అమ్మ మోకాళ్లకి కాస్త నూనె రాయి" అన్నాడు రాఘవ. నూనె రాస్తూ ఆలోచించాను. నాకంటే బాగా చదివే మనిషి వచ్చి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. వచ్చింది నేనే. నేను లేకుండా వచ్చాను. రోజంతా వీధుల్లో తిరుగుతున్నాను, తప్పులు పలుకుతున్నాను, ఆ తప్పులకు మాట పడటానికి మాత్రం ఇంట్లో ఉన్నాను. రాఘవ దృష్టిలో నాకు సుఖం ఇచ్చాడు. అది అబద్ధం కూడా కాదు. ఆయనకు అందులో కష్టమొక్కటే కనపడింది. ఆ గదిలో నేను ఏమయ్యేదాన్నో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంకో షాపులో పని అడగాలని ఆ మధ్యాహ్నం అనుకున్నాను.

మాత్రలు తెస్తానని చెప్పి వినుకొండ రోడ్డులో ఇంకో మైకుసెట్ల షాపు నడిపే త్రికోటేశ్వరరావు దగ్గరకు వెళ్లాను.

"రా తల్లీ. ఏందిట్టా వచ్చావు?"

"పని కావాలి బాబాయ్. మీ ప్రచారాలు నేను చదువుతాను. మా షాపుకి సంబంధం లేదు. నా అంతట నేనే వచ్చాను."

ఆయన కుర్చీ చూపించాడు.

"నీ గొంతు మాకాడ ఉందిగా తల్లీ. రాఘవే ఇచ్చాడు. పల్లెలకు పోయే మా ఆటోల్లో చానా రోజుల్నించి నువ్వే."

"ఇంకెవరికిచ్చాడు?"

"మాచర్ల, గురజాల, దాచేపల్లి. మైకోళ్లమంతా ఒకటేగా. నీకు చెప్పలేదా?"

ఆయన దగ్గర నంబర్లు తీసుకుని బయటికొచ్చాను. ప్రచారం చేయించుకోవాలి, గొంతు వినిపించండి అని మూడు ఊళ్లకూ ఫోన్ చేశాను. మాచర్లలో వినిపించారు. గురజాలలో వినిపించారు. దాచేపల్లి షాపతను మగగొంతు కావాలా, ఆడగొంతు కావాలా అని అడిగాడు. ఆడగొంతు అన్నాను. వినిపించాడు. నాదే.