జీపులో వచ్చినవాళ్ల నీళ్లు

నేను అనుమానపు మనిషినని మా హాస్టల్లో అందరికీ తెలుసు. కూరగాయలవాడు తూకం వేస్తుంటే కాటా ముల్లు దగ్గరే నిలబడతాను. పాలవాడు క్యాను దించీ దించకముందే వేలు ముంచి చూస్తాను. అనుమానం పెనుభూతమే అని మా అమ్మ తిట్టేది. ఆ భూతమే కదా నూటపాతిక మంది ఆడపిల్లల్ని కాపాడుతోంది అని నేను మురిసిపోయేదాన్ని.

దోర్నపాల్ దగ్గర రోడ్డు దిగి లోపలికి పద్నాలుగు కిలోమీటర్లు వస్తే మా ఊరు. ఒకే ప్రహరీలో బడి, దాని వెనక ఆడపిల్లల హాస్టలు, మధ్యలో చేతిపంపు. దాన్ని ఇక్కడ అందరూ బోరింగు అంటారు. పిల్లలు తాగేది ఆ నీళ్లే, అన్నం వండేదీ వాటితోనే. నా పేరు గంగారత్నం. పదకొండేళ్లుగా ఇక్కడ వార్డెన్ని.

దుర్గ ఆరేళ్లప్పుడు మా దగ్గరికొచ్చింది. వాళ్ల నాన్న హుంగా భుజాన ఎక్కించుకుని ఇరవై కిలోమీటర్లు నడిచి తెచ్చాడు. ఆగస్టు పదిహేను పరుగు పందెంలో రెండేళ్లు వరసగా దానికే స్టీలు గ్లాసు బహుమతి. ఇప్పుడు పదకొండేళ్లు. భోజనాల వరసలో కూర్చోవాలంటే గోడ పట్టుకుంటోంది. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. పళ్ల మీద గోధుమరంగు చారలు.

ముందు నేను అనుమానించింది ఆ పిల్లనే. ఇక్కడ ఆడవాళ్లు గుడాకు అని పొగాకు ముద్దతో పళ్లు తోముకుంటారు. దుర్గ పెట్టె తీసి బట్టలన్నీ కింద పోశాను. గుడాకు డబ్బా దొరకలేదు. దొరకలేదన్న కోపంతో ఒకటి అంటించాను కూడా. ఆ చెయ్యి ఇప్పటికీ మండుతోంది.

ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన నర్సమ్మ చూసి, "ఈ పిల్లొక్కతే కాదు మేడమ్, ఇంకో ఎనిమిది మందికి పళ్లు ఇట్లనే ఉన్నయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఉందేమో, పరీక్ష చేయించండి" అంది. అదే రోజు నీళ్ల ఆఫీసుకి కాగితం రాశాను.

వానాకాలం చివర ఉమేష్ అనే కుర్రాడు ఆఫీసు జీపులో వచ్చి సీసాలో నీళ్లు పట్టుకుపోయాడు. ఆ వేళ నేను మీటింగుకి జిల్లా కేంద్రం సుక్మా వెళ్లాను. ఇరవై రోజులకి రిపోర్టు వచ్చింది. ఫ్లోరైడ్ హద్దులోనే ఉందట. ఇనుము దాదాపు లేనే లేదట. నీళ్లు తాగడానికి యోగ్యమట.

ఇనుము లేదన్న మాట దగ్గర నా భూతం లేచి కూర్చుంది. మా బోరింగు నీళ్లతో లాల్ చాయ్, అంటే పాలు పోయని టీ, పెడితే కాటుకలా నల్లబడుతుంది. ఓసారి తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు ఆ చాయ్ చూసి, కప్పు ముట్టకుండా పక్కకి జరిపాడు. నా తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి మా వంటమనిషి పొజ్జే వాగు ఇసుకలో చెలమ తవ్వి రోజుకొక బిందె నీళ్లు తోడుకొస్తుంది. చెలమ ఊరడమే మెల్లగా ఊరుతుంది, రెండో బిందె నిండదు. ఆ ఒక్క బిందె వంటింట్లో మూత పెట్టి ఉంటుంది. చాయ్ నల్లబడే నీళ్లలో ఇనుము లేదని రాసిచ్చాడంటే ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నాడు?

మళ్లీ రాశాను. సంక్రాంతి సెలవుల్లో నేను ఊళ్లో లేనప్పుడే ఉమేష్ మళ్లీ వచ్చి పోయాడు. మళ్లీ అదే రిపోర్టు, అంకె కూడా పెద్దగా మారలేదు.

ఇక నాకు నిద్ర లేదు. బోరు వేసిన కాంట్రాక్టరు ఉమేష్‌ని మేపుతున్నాడనుకున్నాను. ఆఫీసు కుళాయి కిందే సీసా నింపి పంపుతున్నాడనుకున్నాను. బోరుకి కొబ్బరికాయ కొట్టిన హెడ్మాస్టరుకీ ఇందులో చెయ్యి ఉందనుకున్నాను. ఆఖరికి పొజ్జేని కూడా వదల్లేదు. ఉమేష్ వెళ్లేటప్పుడు అది ఆకుదొన్నెలో చింతపండు కట్టి ఇచ్చిందని వాచ్‌మన్ చెప్పాడు. ఎందుకిచ్చినట్టు? అడిగితే, "ఇంటికొచ్చినోడు ఉత్తచేతుల్తో పోతాడా?" అంది. ఆ జవాబు కూడా నేను నమ్మలేదు.

ఈలోగా దుర్గ మెట్లు దిగడం మానేసింది. కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతోంది.

మే మొదట్లో మూడోసారి పరీక్ష పెట్టించాను. ఉమేష్ వచ్చే రోజు ముందే తెలుసుకుని, పొద్దున్నే "దోర్నపాల్ పోయి బియ్యం సంగతి చూసొస్తా" అని అందరికీ వినబడేలా చెప్పి గేటు దాటాను. వెనక సందులోంచి తిరిగొచ్చి బియ్యం గదిలో దూరాను. అక్కడి కిటికీలోంచి వరండా, వంటిల్లు, బోరింగు మూడూ కనిపిస్తాయి. బస్తాల దుమ్ముకి తుమ్ము వస్తే కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పదకొండింటికి జీపు వచ్చింది. ఉమేష్ దిగి, చెమట తుడుచుకుంటూ వరండాలో నా కుర్చీలోనే కూర్చున్నాడు. పొజ్జే చాయ్ తెచ్చిచ్చింది. అతను కాగితాలు తీసి ఏవో నింపాడు. బోరింగు అతనికి ముప్పై అడుగుల దూరంలో ఉంది. లేవలేదు. సంచిలోంచి రెండు తెల్ల సీసాలు తీసి పొజ్జే చేతికిచ్చాడు.

"మూడుసార్లు కడిగి నింపు అక్కా. గాలి బుడగ ఉండొద్దు."

దొరికాడు! ముప్పై అడుగులు నడవలేని ఈ బద్ధకిష్టివాడా నా పిల్లల నీళ్లకి యోగ్యత రాసిచ్చేది? అప్పుడే బయటికి దూకేదాన్నే. కానీ పొజ్జే బోరింగు వైపు వెళ్లలేదు. సీసాలు పట్టుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. బిందె మీద మూత తీసింది. చెలమ నీళ్లు ముంతతో ముంచి, చెప్పినట్టే మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపి, సీసాల్ని కొంగుతో శుభ్రంగా తుడిచి తెచ్చిచ్చింది. ఉమేష్ వాటి మీద చీటీ అంటించాడు.

నేను బయటికొచ్చి అరిచాను. ఏం అరిచానో గుర్తు లేదు. ఉమేష్ చేతిలోని పెన్ను కింద పడింది.

"బోరింగు నీళ్లే కదా మేడమ్?" అన్నాడు, అయోమయంగా పొజ్జేని చూసి. "నువ్వు బోరింగు నీళ్లే పట్టలేదా అక్కా?"

"అయ్యో, బోరింగు నీళ్లెట్ల ఇస్తాన్రా నీకు?" అంది పొజ్జే. దాని మొహంలో భయం లేదు, నొచ్చుకోవడం ఉంది. నా వైపు తిరిగింది. "జీపులో వచ్చినోళ్లకి బోరింగు నీళ్లియ్యొద్దు, మన పరువు పోతది, చెలమ నీళ్లే ఇయ్యమని నువ్వే సెప్పినావు గదా మేడమమ్మా? ఆయన సీసా పట్టుకపోతాడు, దార్లో తాగుతాడనుకున్న. మూడు తూర్లూ మంచి నీళ్లే ఇచ్చిన."

"మరి నడిచొచ్చినోళ్లకి?" అడిగాను.

"వాళ్లకి బోరింగే."

"పిల్లలకి?"

పొజ్జే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఒక్క బిందె ఎంతమందికొస్తది? నీ చాయ్‌కీ, నీ కూజాకీ, జీపులోళ్లకీ సరిపోతది."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాలవాణ్నీ, కాంట్రాక్టర్నీ, చింతపండునీ అనుమానించినదాన్ని. పదకొండేళ్లుగా ఇదే ప్రహరీలో ఉన్నా, నా కూజాలో నీళ్లు ఎక్కడివో ఒక్కనాడూ అనుమానం రాలేదు.

ఉమేష్ సీసాలు పారబోసి, తనే బోరింగు కొట్టి నింపుకున్నాడు. ఈసారి రిపోర్టు వారంలో వచ్చింది. హద్దు ఒకటిన్నర అయితే మా నీళ్లలో ఫ్లోరైడ్ నాలుగు పైన ఉంది. బోరింగు పిడి ఊడదీసి, దిమ్మకి ఎర్ర రంగు పూశారు. పొద్దునా సాయంత్రం ట్యాంకరు వస్తోంది.

జగదల్‌పూర్ పెద్దాసుపత్రి డాక్టరు దుర్గ కాళ్ల ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూశాడు. పళ్లు మారవన్నాడు. పాలు, గుడ్లు పెట్టి మంచి నీళ్లు తాగిస్తే, ఎదిగే వయసు కాబట్టి కాళ్లు కొంత తిన్నగా కావచ్చన్నాడు. "కొన్ని నెలల ముందు నీళ్లు మార్చి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు" అని, ఇంకో పేషెంటుని పిలిచాడు. వానాకాలం చివర నుంచి మే దాకా నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మొదటి సీసా బోరింగుదై ఉంటే ఎనిమిది నెలలు.

మొన్న హుంగా వచ్చాడు, కూతుర్ని చూసుకోవడానికి. ఎప్పట్లాగే నడిచొచ్చాడు. వరండా కింద నేల మీదే కూర్చోబోతే పైకి పిలిచి కుర్చీ వేశాను. అంచు మీద కూర్చున్నాడు. పొజ్జే వంటింటి గుమ్మంలో నిలబడి, ట్యాంకరు డ్రమ్ముకీ బిందెకీ మధ్య ఏది ముంచాలో తెలియక నా మొహం చూసింది. నేనే లేచి బిందెలో నీళ్లు ముంచి చెంబుతో తెచ్చిచ్చాను.

అతను తిట్టడానికి వచ్చి ఉంటాడనుకున్నాను. తిడితే బాగుండేది. చెంబు ఎత్తి, పెదవికి తగలకుండా గటగటా తాగాడు. మూతి తుడుచుకుని నవ్వాడు.

"ఎంత తియ్యగున్నయి మేడమమ్మా! ఊకె భయపడ్డ. మా దుర్గకి మొదట్నించీ ఇవే గదా ఇచ్చినావు?"

వరండా చివర దుర్గ గోడ పట్టుకుని వస్తోంది. అవునంటే నమ్మేస్తాడు. ఆ మనిషికి అనుమానించడం రాదు.

"కాదు హుంగా" అన్నాను. "ఇవి నేను తాగిన నీళ్లు."